మన హాలు ముందు ఏ చెట్టు?

ఈ సంచికకు కీళ్ళ నొప్పుల గురించి ఏదైనా రాసివ్వమని సంపాదకవర్గం వారు అడిగారు. ఏటా అదే రాస్తున్నాను. ఏటా ఎవరూ చదవడం లేదు. చదివిన ఇద్దరు ముగ్గురు కూడా పండుగనాడు భోజనాల వరుసలో మోకాలు చూపించి మందు అడుగుతున్నారు. అందుచేత ఈసారి చెట్ల గురించి రాస్తాను. విషయం చిన్నదే. కాని వచ్చే సర్వసభ్య సమావేశంలో దాని మీద చేతులెత్తబోతున్నాం కనుక, ఎత్తేముందు ఒక మాట చెప్పి ఉంచుతున్నాను.

మన హాలు దారికి అటు మూడు, ఇటు మూడు క్వీన్ పామ్ చెట్లు ఉండేవి. హ్యూస్టన్లో 2021 ఫిబ్రవరి చలిని చూసినవాళ్ళకు వాటికేమైందో చెప్పనక్కర లేదు. ఆరూ పోయాయి. పార్కింగ్ చివర చెత్తడబ్బాల పక్కన, ఎవరు నాటారో ఎవరికీ జ్ఞాపకం లేని, కాస్త వంగిన సేబల్ చెట్టు ఒకటి మాత్రం మిగిలింది. ఇప్పుడు భవన కమిటీ మిత్రులు మూడు ప్రతిపాదనలు తెచ్చారు. సంక్రాంతి సంబరాల లోపల మళ్ళీ ఆరు క్వీన్ పామ్‌లు నాటించాలి. అందం చెడుతోంది కనుక ఆ వంగిన సేబల్‌ను తీసేయించాలి. చెట్లను ఏటా కత్తిరించి శుభ్రం చేసే పనివారితో ఒప్పందం చేసుకోవాలి. కమిటీలో ఉన్నవాళ్ళందరూ నాకు కావలసినవాళ్ళే. అయినా మూడింటికీ నేను వ్యతిరేకం.

నేను వృక్షశాస్త్రం చదివినవాణ్ణి కాను. నా అర్హతల్లా ఒక చెట్టును చంపడమే.

2016లో ఇల్లు కొన్న కొత్తలో ముంగిట్లో పెట్టడానికి నర్సరీకి వెళ్ళి, సిల్వెస్టర్ పామ్ అని ఒక చెట్టు నచ్చి కొన్నాను. నాలుగంకెల డాలర్లు పోశాను. బూడిదరంగు కలిసిన ఆకుపచ్చ మట్టలు, పలకలు చెక్కినట్టున్న మాను, చూడటానికి రాజసంగా ఉండేది. 2019 చివర్లో మా నాన్న నల్లగొండ నుంచి వచ్చారు. కారు దిగి, ఇంట్లోకి రాకుండా చెట్టు దగ్గరికే వెళ్ళి నిలబడ్డారు.

"ఇదేందిరా, ఈత చెట్టు కొన్నవా?"

ఎంతకని అడిగారు. చెప్పాను. చాలాసేపు నవ్వారు. "ఆ పైసలకు మన దిక్కు ఈత వనమే వస్తది గదరా" అన్నారు.

నిజమే. ఫీనిక్స్ సిల్వెస్ట్రిస్ అంటే మన ఈత చెట్టే. ఖర్జూరానికి దగ్గరి చుట్టం. చెరువు కట్టల మీద, పొలం గట్ల మీద అడగకుండా మొలిచే చెట్టును, అడిగినంత ఇచ్చి కొనుక్కున్నాను. ఫ్లోరిడాలో, టెక్సాస్ తీరంలో పెద్ద పెద్ద హోటళ్ళ ముందు వరసగా నిలబెట్టేది దీన్నే. ఇంకో ముచ్చట. ఈ చెట్టు శాస్త్రీయ నామం పక్కన రాక్స్‌బర్గ్ పేరు ఉంటుంది. ఆ విలియం రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా తోటకు వెళ్ళకముందు మన సామర్లకోటలో ఉండి మొక్కలు పెంచి, బొమ్మలు గీయించినవాడు. మనం ఇక్కడ నోరు తిరగక పలుకుతున్న పేరు గోదావరి జిల్లాల మీదుగా తిరిగొచ్చిన పేరన్నమాట.

కోవిడ్ వల్ల నాన్న ప్రయాణం ఆగిపోయి, 2021 ఫిబ్రవరిలో ఆయన మాతోనే ఉన్నారు. ఆ నెల 16న తెల్లవారుజామున ఇంటర్‌కాంటినెంటల్ విమానాశ్రయం దగ్గర 13 డిగ్రీల ఫారన్‌హీట్ నమోదైంది. కరెంటు లేదు, నీళ్ళు లేవు. రాష్ట్రంలో 246 మంది చనిపోయారని ప్రభుత్వమే తర్వాత లెక్క చెప్పింది. ఆ రోజుల్లో చెట్టును ఎవరు చూస్తారు? మేమూ చూడలేదు. వారం తర్వాత చూస్తే మట్టలన్నీ వరిగడ్డి రంగుకు తిరిగి, కిందికి వాలిపోయి ఉన్నాయి.

మార్చి మూడో వారంలో మా కాలనీ సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. ఎండిన చెట్లను ముప్పై రోజుల్లో తీసేయాలట. పక్కింటివారికీ వచ్చింది. వారిదీ సిల్వెస్టరే. ఒకే నర్సరీ, ఒకే సంవత్సరం. ఆయన ఒక పేజీ జవాబు రాసి గడువు అడిగాడు. గడువిచ్చారు. నేను రాయలేదు. ఎందుకు రాయలేదంటే, తీరిక లేదు, వీధిలో అందరి ముందూ ఎండిన చెట్టు పెట్టుకుని కూర్చోవడం నామోషీగా ఉంది, పైగా చచ్చిందని నాకు నమ్మకం. నాన్న ఒకటికి రెండుసార్లు చెప్పారు. "మొవ్వు చచ్చిందో బతికిందో అప్పుడే ఏం తెలుస్తది? ఎండలు ముదిరేదాక ఆగు." నేను ఆగలేదు. ఏప్రిల్ మొదటి శనివారం మనుషుల్ని పిలిపించి కొట్టించాను. తల భాగం కింద పడ్డాక నాన్న దగ్గరికి వెళ్ళి, కత్తితో పైపొరలు ఒక్కొక్కటే తీసి చూశారు. లోపల మొవ్వు లేత కొబ్బరిలా తెల్లగా, గట్టిగా ఉంది. "తెల్లగున్నది" అన్నారు. ఇంకేమీ అనలేదు. అందామనుకున్నా, నేను అప్పటికే లోపలికి వెళ్ళిపోయాను.

పక్కింటి చెట్టుకు జూన్లో కొత్త ఆకు వచ్చింది.

దీన్ని నేను మరీ అవమానంగా ఎందుకు తీసుకున్నానంటే, నేను డాక్టర్ని. చలికి బిగుసుకుపోయిన మనిషిని తెచ్చినప్పుడు, ఒళ్ళు వెచ్చబరచి చూడకుండా మరణం నిర్ధారించవద్దని మేము కుర్ర డాక్టర్లకు నూరిపోస్తాం. నాడి దొరకకపోయినా సరే, ముందు వెచ్చబరచాలి. అదే సూత్రాన్ని ముంగిట్లో చెట్టుకు అన్వయించుకోవడానికి నాకు బుద్ధి పుట్టలేదు.

ఇందులో అసలు సంగతేమిటంటే, పామ్ జాతి చెట్లు మనకు తెలిసిన మిగతా చెట్లలాంటివి కావు. మామిడి కొమ్మ కొడితే పక్కనుంచి చిగురు వేస్తుంది. వేప మోడు కూడా చిగురిస్తుంది. పిలకలు పెట్టే రకాలను వదిలేస్తే, తాడి, ఈత, కొబ్బరి, క్వీన్ పామ్, సేబల్ అన్నింటికీ మానుకు ఒక్కటే చిగురు. అది తల మధ్యలో, మట్టల మొదళ్ళ నడుమ దాగి ఉంటుంది. అదే మొవ్వు. అది పోతే చెట్టు పోయినట్టే. అది ఉంటే, ఒక్క పచ్చని ఆకు లేకపోయినా చెట్టు ఉన్నట్టే. మానుకు గాయమైనా అంతే. మామిడికి బెరడు కింద కొత్త కండ పెరిగి గాయం పూడుతుంది. వీటికి ఆ ఏర్పాటు లేదు. మా ఊళ్ళో ఈత చెట్టు మీద ఒక ఏడు ఇటు, ఒక ఏడు అటు గీసిన గాట్లు అలాగే మెట్లలా ఉండిపోయేవి. వాటిని లెక్కపెట్టి చెట్టును ఎన్నేళ్ళు గీశారో చెప్పేవాళ్ళు. అందుకే ఇక్కడ కాళ్ళకు ఇనుప మేకులు కట్టుకుని చెట్టెక్కే పనివారిని చూస్తే నాకు భయం. ఒక్కొక్క అడుగూ ఒక్కొక్క మానని పుండు. మన గీత పనివారు మోకు వేసుకుని ఎక్కేవారు గాని, మేకులు దించేవారు కారు.

ఇప్పుడు ప్రతిపాదనల సంగతికి వస్తాను.

క్వీన్ పామ్ అందమైన చెట్టే. దక్షిణ అమెరికాది. తొందరగా ఎదుగుతుంది, చౌకగా దొరుకుతుంది, ఫొటోల్లో కొబ్బరిచెట్టులా కనిపిస్తుంది. మనవాళ్ళకు దాని మీద మోజుకు కారణం ఈ చివరిదేనని నా అనుమానం. కాని ఇరవై డిగ్రీల దగ్గరికి దిగితే దానికి ప్రాణగండం. 2021 తర్వాత 2022 డిసెంబరులో మళ్ళీ గట్టి చలి వచ్చింది. 2025 జనవరి 21న మన హాలు మెట్ల మీద మంచు పడితే పిల్లలు బొమ్మ చేసి తిలకం పెట్టారు. నాలుగేళ్ళలో మూడుసార్లు ఇంత జరిగాక, అదే చెట్టును అదే గోతుల్లో పెట్టడం పొదుపా? అసలు కొబ్బరే పెడదామని ఒక మిత్రుడు అన్నాడు. కొబ్బరి హ్యూస్టన్ శీతకాలాన్ని ఆరుబయట దాటదు. కుండీలో పెట్టి లోపలా బయటా మోసేందుకు మనలో నడుములు బాగున్నవాళ్ళు ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు.

నా మాట, సేబల్ మెక్సికానా పెట్టండి. అది ఈ రాష్ట్రపు చెట్టు. దక్షిణాన బ్రౌన్స్‌విల్ దగ్గర రియో గ్రాండె ఒడ్డున దాని సహజమైన వనం ఇప్పటికీ ఉంది. తాటాకులా విసనకర్ర ఆకు. నిదానంగా ఎదుగుతుంది. నా పిల్లలు కాలేజీ ముగించేదాకా అది పెద్ద అందంగా కనబడకపోవచ్చు. కాని మన పార్కింగ్ చివర చెట్టు ఆ 13 డిగ్రీల రాత్రి ఒంటరిగా నిలబడి, మేలో ఏమీ జరగనట్టు పూతకొచ్చింది. దాన్ని వంకరని కొట్టేస్తామంటున్నాం! వంకరైనా అది పడిపోయే వంకర కాదు. వెలుతురు కోసం ఒకప్పుడు వంగి, తర్వాత నిటారుగా పెరిగిన చెట్టు అది. దగ్గరికి వెళ్ళి చూస్తే తెలుస్తుంది.

దానితోపాటు ఒకటో రెండో ఈత చెట్లు కూడా పెట్టాలని నా కోరిక. ఈ మాట అనగానే కమిటీలో ఒక పెద్దాయన, "కల్లు చెట్టు హాలు ముందా?" అన్నారు. నవ్వుతూనే అన్నారు, కాని అన్నారు. మా నాన్న పనిచేసిన బడిలో పిల్లలు ఈత చాపల మీద కూర్చుని అక్షరాలు దిద్దారు. మా అమ్మ వాకిలి ఊడ్చింది ఈత చీపురుతో. బుట్టలు, గంపలు, ఈత పళ్ళు, వీటితో ఎన్ని ఇళ్ళు గడిచాయో మా వైపు వాళ్ళను అడగండి. గీసేవారి పిల్లలు కొందరు ఇవాళ మన సంఘంలో ఇంజనీర్లుగా ఉన్నారు. వారి ముందు ఈ మాట అనగలమా? సిల్వెస్టర్ అంటే ముచ్చటపడి, ఈత అంటే మొహం చిట్లిస్తే, అప్పుడు తప్పు చెట్టుది కాదు.

అయితే ఈతలో ఉన్న ఇబ్బందులు దాచను. మొదటిది ముళ్ళు. మట్ట మొదట్లో ఉండే ముల్లు సూదికన్నా వాడి. అది వేలి కీలులోనో మోకాలిలోనో దిగి, కొన లోపల విరిగిపోతే, పైన గాయం మానిపోయాక వారాలకో నెలలకో కీలు వాస్తుంది. ఎక్స్‌రేలో ముల్లు కనపడదు. వాతమని పొరబడి మందులు వాడుతూ తిరుగుతారు. అల్ట్రాసౌండ్ చేసి చూసి, ముక్క తీసేస్తేగాని తగ్గదు. నా దగ్గరికి అలా వచ్చినవారున్నారు. కనుక పిల్లలు ఆడుకునే వైపు ఈత వద్దు. పెట్టినచోట మనిషి ఎత్తువరకు మట్టల ముళ్ళు తీయించాలి. చూశారా, కీళ్ళ గురించి రాయనని చెప్పి రాసేశాను.

రెండోది లీథల్ బ్రాంజింగ్ అనే జబ్బు. ఫ్లోరిడాలోనూ, టెక్సాస్‌లోనూ ఉంది. రసం పీల్చే చిన్న పురుగు ఒక సూక్ష్మజీవిని చెట్టు నుంచి చెట్టుకు మోస్తుంది. కాయలు ముందే రాలిపోతాయి, కింది ఆకులు రాగిరంగుకు తిరుగుతాయి, చివరికి మొవ్వు కుళ్ళుతుంది. ముదిరాక మందు లేదు. రాకుండా మూడు నాలుగు నెలలకొకసారి మానులోకి ఆక్సీటెట్రాసైక్లిన్ ఇంజెక్షన్ ఇస్తారు. మొటిమలకు మేము రాసే మందు కుటుంబమే. చుట్టుపక్కల జబ్బు కనబడితే తప్ప ఆ ఖర్చు అక్కర్లేదు గాని, ఆరు ఈత చెట్లు వరసగా పెట్టి పందెం కాయడం కూడా తెలివి కాదు. అందుకే ఒకటో రెండో అన్నాను.

ఇక ఏటేటా కత్తిరింపు. దీని మీదే నాకు ఎక్కువ కోపం. పనివారు వస్తారు, చెట్టు తల మీద నాలుగైదు ఆకులు నిక్కబొడుచుకుని ఉండేలా గొరుగుతారు. తుపానుకు మంచిదని చెబుతారు. ఫ్లోరిడాలో 2004, 2005 తుపానుల తర్వాత చూసినవారు చెప్పింది దీనికి విరుద్ధం. నిండు తలతో ఉన్న చెట్లకన్నా గొరిగిన చెట్ల తలలే ఎక్కువగా విరిగాయి. ఇంకో సంగతి. ఈ చెట్లు పొటాషియం చాలనప్పుడు ముసలి ఆకుల్లోంచి లాగి కొత్త ఆకులకు పంపుకుంటాయి. అందుకే కింది ఆకులు పసుపు పచ్చగా, మచ్చలుగా అవుతాయి. చూడబుద్ధి కావడం లేదని ఆ పసుపు ఆకులు కొట్టేస్తే, చెట్టు ఆ పై వరసలోంచి లాగడం మొదలుపెడుతుంది. దాచుకున్న ధాన్యం గాదెను పాతబడిందని తగలబెట్టడం లాంటిది. పూర్తిగా ఎండి గోధుమరంగైన ఆకు తీయండి, ఎండిన గెల తీయండి. పచ్చది ముట్టవద్దు. తప్పనిసరై తీసినా, గడియారంలో తొమ్మిది నుంచి మూడుకు గీసే అడ్డగీతకు పైనున్న ఆకు జోలికి పోకూడదు. కోసే రంపం ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు వెళ్ళేముందు శుభ్రం చేయించండి. ఫ్యుజేరియం తెగులు రంపాల మీదే ప్రయాణిస్తుంది. ఆపరేషన్ గదిలో ఒప్పుకోనిది పెరట్లో ఎందుకు ఒప్పుకోవాలి?

కత్తిరింపుకు పెట్టే డబ్బు ఎరువుకు పెడితే చాలు. పామ్ చెట్లకని 8-2-12, దానిలో 4 శాతం మెగ్నీషియం, నిదానంగా కరిగే రకం దొరుకుతుంది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వారు అక్కడి నేలలకు మూడు నెలలకొకసారి, వంద చదరపు అడుగులకు పౌనున్నర చెబుతారు. మన హాలు నేల గంబో, అంటే నల్లరేగడికి అన్నదమ్ము, పోషకాలను ఇసుకనేలకన్నా పట్టి ఉంచుతుంది. అంచేత ఎండాకాలంలో రెండుసార్లు వేస్తే సరిపోతుందని నా అనుభవం. గడ్డికి వేసే నైట్రోజన్ ఎక్కువున్న ఎరువు మాత్రం చెట్టు మొదట్లోకి రానివ్వకండి. పొటాషియం కరువు ఇంకా ముదురుతుంది.

నాటడానికి సంక్రాంతి ముహూర్తం పెట్టారు. దయచేసి మార్చండి. పామ్ వేళ్ళు వెచ్చని మట్టిలోనే కదులుతాయి. మే నెల మంచిది. నర్సరీలో ఎంత లోతులో ఉందో అంతే లోతు పెట్టాలి. గట్టిగా నిలబడుతుందని అడుగు లోతు ఎక్కువ పూడ్చిన చెట్లు ఒకటి రెండేళ్ళు మెల్లగా క్షీణించి చస్తాయి. గంబోలో నీళ్ళు నిలుస్తాయి కనుక కాస్త మెరక చేసి పెట్టడం మేలు. మొదటి వేసవి నీళ్ళు మరవకూడదు.

మళ్ళీ చలి వస్తుంది. వచ్చినప్పుడు లేత ఈత చెట్టు తలను దుప్పటితో చుట్టి, లోపల దీపాల దండ వేయండి. ఎల్.ఇ.డి. దీపాలు కాదు, వాటికి వేడి రాదు. గరాజుల్లో మూలపడ్డ పాత గాజు బల్బుల క్రిస్మస్ దండలు కావాలి. పక్కింటాయన 2022లో ఇదే చేశాడు. చలి తగ్గగానే విప్పేయాలి. ఆకులు ఎండినా మరో చలి భయం పోయేదాకా కోయవద్దు. అవే మొవ్వుకు కంబళి. నడిమి ఈటె ఆకును మెల్లగా లాగి చూడండి. ఊడివస్తే కుళ్ళు పట్టిందన్నమాట, ఆ గుంటలో రాగి మందు పోయాలి. ఊడివచ్చినా చచ్చిందని కాదు. జూలై దాకా రంపం తీయకూడదని సమావేశంలో తీర్మానం రాసుకుందాం. ఉత్తరం ఎవరి దగ్గర్నుంచి వచ్చినా జవాబు రాసే బాధ్యత నాది. ఒకసారి రాయనందుకు ఇప్పటికీ అనుభవిస్తున్నాను. నాన్న నల్లగొండ నుంచి ఆదివారం ఫోన్ చేసినప్పుడు పిల్లల చదువులు, నా బి.పి. అడిగాక, "పక్కింటాయన చెట్టు ఎట్లున్నది?" అని అడుగుతారు. బాగుందని చెబుతాను. మా ముంగిట్లో ఉన్న దాని గురించి అడగరు. అక్కడ గడ్డి వేశాం.

ఏడాదికి రెండు కుటుంబాలు చెట్ల పని చూసుకుంటే ఒప్పందాలు అక్కర్లేదు. మొదటి ఏడు మా ఇంటిపేరు రాసుకోండి. సమావేశం రోజున నేను అరగంట ముందు వచ్చి పార్కింగ్ చివర ఆ సేబల్ దగ్గర ఉంటాను. వచ్చినవారికి మొవ్వు ఎక్కడ ఉంటుందో చూపిస్తాను. పిల్లల్ని తీసుకురండి. రంపాలు మాత్రం ఇంట్లోనే ఉంచండి.